రాత్రి లేని చోట పిట్టల గడియారం: “లయ లేదు” అని తేల్చే ముందు

అలాస్కా ఉత్తర కొసన ఉట్కియాగ్విక్ అనే ఊరుంది. 2016 దాకా దాన్ని బారో అనేవారు. 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం. మే రెండో వారంలో అక్కడ పైకెక్కిన సూర్యుడు ఆగస్టు మొదలయ్యేదాకా దిగడు. ఎనభై రోజులకు పైగా ఒకటే పగలు. ఆ గడువులోనే సాండ్‌పైపర్లు, లాంగ్‌స్పర్లు, ఫాలరోప్‌లు వేల మైళ్ళు ఎగిరొచ్చి, గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల్ని లేపుకుని వెళ్ళిపోవాలి. సాండ్‌పైపర్లంటే మన ఉల్లంకుల కుటుంబమే. మరి ఇవి ఎప్పుడు నిద్రపోతాయి? తెల్లారిందని దేన్ని చూసి అనుకుంటాయి?

చాలామంది ఠక్కున చెప్పే జవాబు, “రాత్రే లేనప్పుడు గడియారం ఎందుకు, ఆగిపోతుంది” అని. ఇది సగమే నిజం. కొన్ని పిట్టల్లో రోజువారీ లయ నిజంగానే కనిపించదు. కానీ కనిపించనంత మాత్రాన లేదని రాసేస్తే పెద్ద పొరపాటు జరగవచ్చు. లయ ఉందని చూపించడం సులువు, లేదని చూపించడం కష్టం. ఈ రంగంలో ఎక్కువ చెమట పట్టించేది ఆ రెండో పనే. అందుకే ఇక్కడ ఫలితాలతో పాటు కొలత ఎలా చేస్తారో, ఎక్కడ దెబ్బతింటారో కూడా వివరంగా రాస్తున్నాం.

ముందు వెలుగు సంగతి. “నిరంతర పగలు” అన్న మాట వింటే ట్యూబ్‌లైట్ వేసిన గదిలా ఇరవై నాలుగు గంటలూ ఒకే తీరు వెలుగు అనిపిస్తుంది. అలా ఉండదు. జూన్ 21న ఉట్కియాగ్విక్‌లో సూర్యుడు మధ్యాహ్నం దిగంతానికి 42 డిగ్రీల ఎత్తులో ఉంటే, అర్ధరాత్రికి దాదాపు 5 డిగ్రీలకు దిగుతాడు. నార్వేకు చెందిన స్వాల్బార్డ్ దీవుల్లోని లాంగ్‌యియర్‌బెన్‌లో, అంటే 78 డిగ్రీల దగ్గర, అదే రోజు మధ్యాహ్నం 35, అర్ధరాత్రి 11 పైచిలుకు. ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. మధ్యాహ్నపు ఎత్తుకు 90 లోంచి అక్షాంశం తీసేసి 23.4 కలపాలి. అర్ధరాత్రి ఎత్తుకు అక్షాంశానికి 23.4 కలిపి 90 తీసేయాలి. ఉత్తరానికి పోయేకొద్దీ ఈ రెండు ఎత్తుల మధ్య తేడా తగ్గుతుంది, సరిగ్గా ధ్రువం మీద సున్నా అవుతుంది. కాబట్టి ఆర్కిటిక్ అంతా ఒకటే అనుకోకూడదు. బారోలో పిట్టకు అందే సంకేతం స్వాల్బార్డ్‌లో పిట్టకు అందేదానికంటే బలంగా ఉంటుంది.

సూర్యుడు దిగినప్పుడు వెలుగు తగ్గడం ఒక్కటే కాదు, రంగూ మారుతుంది. ఎండ వచ్చే దిక్కు కూడా రోజంతా చుట్టూ తిరుగుతుంది. ఫ్రాంజ్ క్రుల్ 1976లో స్వాల్బార్డ్ మంచు బంటింగ్‌లనే చిన్న పిట్టల గురించి రాస్తూ, సూర్యుడి స్థానం, వెలుగు రంగులోని మార్పు, ఈ రెండూ పిట్టకు సమయ సూచికలుగా పనికొస్తాయని వాదించాడు. దానికి తోడు నేల ఉష్ణోగ్రత, ఆ వేడికి లేచే పురుగులు. అర్ధరాత్రి చల్లదనానికి దోమజాతి పురుగులు కదలవు, మధ్యాహ్నం పైకొస్తాయి. పురుగు తిని బతికే పిట్టకు ఇంతకంటే పెద్ద గంట ఏం కావాలి?

ఇక్కడే కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు. ఊళ్ళో గోడ గడియారం చూసి “రాత్రి 12కు ఇలా చేసింది” అని రాసుకుంటారు. ఉట్కియాగ్విక్ 156.8 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీదుంది, కానీ వేసవిలో గడియారం యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) 8 గంటలు వెనక నడుస్తుంది. లెక్కవేస్తే అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం 2 గంటల 27 నిమిషాల ప్రాంతంలో. అంటే అసలు అర్ధరాత్రి, సూర్యుడు అన్నిటికంటే కిందున్న సమయం, ఊరి గడియారంలో తెల్లవారుజాము రెండున్నర. లాంగ్‌యియర్‌బెన్‌లో ఈ తేడా గంట. రెండు చోట్ల పిట్టల్ని గోడ గడియారంతో పోల్చితే లేని గంటన్నర తేడా పుట్టుకొస్తుంది. అందుకని పరికరాలన్నీ యూటీసీలో పెట్టి, విశ్లేషణకు ముందు స్థానిక సౌర సమయానికి మార్చుకోవాలి. రేఖాంశాన్ని 15తో భాగించి వచ్చిన గంటల్ని తూర్పైతే కలపాలి, పడమరైతే తీసేయాలి. రెండు నిమిషాల పని.

ఇక పిట్ట ఎప్పుడు కదిలింది, ఎప్పుడు కదల్లేదు అన్నది ఎలా తెలుస్తుంది? దూరం నుంచి బైనాక్యులర్‌తో చూస్తూ రోజుల తరబడి కూర్చోలేం. మనిషికి నిద్ర కావాలి, కాబట్టి మనిషి రాసుకున్న పట్టికలో మనిషి లయే పడుతుంది. బారోలో 2013లో వెలువడిన అధ్యయనం (సిల్కె స్టైగర్, బార్ట్ కెంపెనార్స్ బృందం) రేడియో ట్రాన్స్‌మిటర్లు వాడింది. సూత్రం చాలా సరళం. పిట్ట వీపున జిగురుతో చిన్న ట్రాన్స్‌మిటర్ అతికిస్తారు. అది సెకనుకో రెండు సెకన్లకో ఒక పల్స్ పంపుతుంది. నేల మీద స్థిరంగా ఉన్న రిసీవర్ ఆ సిగ్నల్ బలాన్ని నమోదు చేస్తుంది. పిట్ట కదలకుండా ఉంటే బలం నిలకడగా ఉంటుంది. నడిచినా, తిరిగినా, తల వంచినా యాంటెనా దిశ మారి బలం ఎగుడుదిగుడవుతుంది. ఆ ఎగుడుదిగుడే కదలిక.

బరువు విషయంలో రాజీ పడకూడదు. పిట్ట బరువులో 5 శాతం దాటకూడదన్నది పాత నియమం, ఇప్పుడు చాలామంది 3 శాతం దగ్గరే ఆగుతున్నారు. సెమీపాల్మేటెడ్ సాండ్‌పైపర్ బరువు 25 గ్రాములు. 3 శాతమంటే 0.75 గ్రాము, జిగురు, యాంటెనా తీగ అన్నీ కలిపి. ఆ బరువులో బ్యాటరీ ఎంత పడుతుందో అదే మీ అధ్యయన కాలం. పల్స్‌ల మధ్య విరామం పెంచితే బ్యాటరీ ఎక్కువ రోజులు వస్తుంది, కానీ కదలిక సరిగా పట్టుబడదు. ఈ బేరం ప్రతి సీజన్‌కూ తప్పదు.

రిసీవర్ వైపు బేరం ఇంకోటి. ఒక్కో ట్యాగ్‌కు, అంటే పిట్టకు అతికించిన ట్రాన్స్‌మిటర్‌కు, ఒక్కో ఫ్రీక్వెన్సీ. నలభై ట్యాగ్‌లుంటే, ఒక్కోదాన్ని 3 సెకన్లు వింటే, మళ్ళీ మొదటి పిట్ట వంతు వచ్చేసరికి 120 సెకన్లు. రెండు నిమిషాలకోసారి తలుపు తీసి చూసినట్టు. గంటల లెక్కన సాగే లయకు ఇది చాలు. ఒక నిమిషం కునుకులు పట్టుకోవాలంటే చాలదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు మాత్రం వేరు. ట్రాన్స్‌మిటర్ ఫ్రీక్వెన్సీ ఉష్ణోగ్రతతో జరుగుతుంది. పిట్ట పొదిగేటప్పుడు ట్యాగ్ వెచ్చగా, మేతకు పోయినప్పుడు చల్లగా ఉంటుంది. గాలి కూడా మధ్యాహ్నం వెచ్చన, అర్ధరాత్రి చల్లన. రిసీవర్ వినే పట్టీ సన్నగా ఉంటే, చల్లబడిన ట్యాగ్ ఆ పట్టీ దాటి జారిపోతుంది, సిగ్నల్ పోయినట్టు నమోదవుతుంది. రోజూ అదే వేళకు పోతుంది, అదే వేళకు వస్తుంది. చూడ్డానికి అందమైన 24 గంటల లయ! పిట్టకు దాంతో సంబంధమే లేదు. దీనికి మందు, పిట్టలకు వేసే ట్యాగ్‌ల లాంటివే రెండు మూడు తీసి కర్రలకు కట్టి టండ్రాలో వేర్వేరు దూరాల్లో పాతడం. కర్రకు నిద్రాహారాలుండవు. కర్ర మీది ట్యాగ్ కూడా 24 గంటల లయ చూపిస్తే తప్పు పరికరంలో ఉన్నట్టే. పెద్ద గాలికి యాంటెనా స్తంభం ఊగి అన్ని పిట్టలూ ఒకేసారి “చురుగ్గా” కనిపించే గొడవ కూడా ఈ కర్ర ట్యాగ్‌లతోనే బయటపడుతుంది. బడ్జెట్‌లో ఏది కోసినా వీటిని కోయవద్దని గట్టిగా చెప్తాం.

సిగ్నల్ లేకపోతే “నిద్ర” అని రాయడం మరో పొరపాటు. పిట్ట పరిధి దాటి పోయి ఉండవచ్చు. పెక్టోరల్ సాండ్‌పైపర్ మగవైతే అసలు ఒక చోట నిలవవు. 2017లో వచ్చిన ఉపగ్రహ ట్యాగ్‌ల అధ్యయనంలో ఒక మగపిట్ట ఒకే సీజన్‌లో 24 చోట్ల ఆగి, ఆడవాటి కోసం ఆర్కిటిక్‌లో వేల కిలోమీటర్లు తిరిగింది. సిగ్నల్ లేని గంటలు ఖాళీగానే ఉంచాలి, సున్నా వేయకూడదు.

గూటి దగ్గర కొలత ఇంకో రకం. ఈ సాండ్‌పైపర్లు మామూలుగా నాలుగు గుడ్లు పెడతాయి, సన్న కొసలు లోపలికి తిరిగి ఉండేట్టు. ఆ నాలుగింటి నడుమ, గుడ్ల పై అంచుకు సమానంగా, ఉష్ణోగ్రత సెన్సర్ మొన నిలబెడతారు. గూటి బయట నేల మీద ఇంకొకటి. రెండు రీడింగుల మధ్య తేడా పెరిగితే పిట్ట కూర్చుంది, పడిపోతే లేచింది. బయటి సెన్సర్ పెట్టకుండా గూటి ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే, ఎండ నేరుగా గుడ్ల మీద పడే మధ్యాహ్నాల్లో ఖాళీ గూడు కూడా పొదుగుతున్నట్టే కనిపిస్తుంది. ఎండ ఆరిపోని చోట ఈ మోసం ఎన్ని గంటలైనా సాగుతుంది.

ఉష్ణోగ్రత చెప్పలేనిది, కూర్చున్నది తల్లా తండ్రా అన్నది. దానికి ఆర్‌ఎఫ్‌ఐడీ, అంటే దగ్గరికొచ్చిన ట్యాగ్ నంబరును రేడియో తరంగాలతో చదివే ఏర్పాటు. కాలికి వేసే ప్లాస్టిక్ జెండాలో బియ్యపు గింజంత గాజు ట్యాగ్, గూటి చుట్టూ తీగ చుట్ట యాంటెనా, కాస్త దూరంలో రీడరు, 12 వోల్టుల బ్యాటరీ. పెట్టెను నాచు కింద కప్పిపెట్టాలి, లేకపోతే నక్క కంట పడుతుంది. అయితే లోతుగా తవ్వడానికి వీల్లేదు. జూన్ మొదట్లో నేల పైపైనే కరిగి ఉంటుంది, కింద గడ్డకట్టిన మన్ను. తవ్విన గుంటలో కరిగిన నీరు ఊరుతుంది. అందుకే కనెక్టర్లన్నీ పెట్టె పక్క భాగంలో, నీటిమట్టానికి పైన ఉండేట్టు చూసుకోవాలి. బ్యాటరీ సున్నా డిగ్రీల దగ్గర లేబుల్ మీదున్నంత ఇవ్వదు, ఐదో వంతు తగ్గించి లెక్క వేసుకోవాలి.

కాలికి కట్టే జియోలొకేటర్ గురించి కూడా చెప్పాలి. అది వెలుగు కొలిచే చిన్న పరికరం. సూర్యోదయ సూర్యాస్తమయాల వేళల్ని బట్టి పిట్ట ఏ దేశంలో ఉందో లెక్కగడతారు. అస్తమయమే లేని ఆర్కిటిక్ వేసవిలో అది చోటు చెప్పలేదు, అందుకని ఆ భాగం డేటాను పనికిరానిదని పక్కన పడేసేవాళ్ళున్నారు. కానీ పిట్ట గూట్లో కూర్చుంటే కాలు రెక్కల కింద చీకట్లో పడుతుంది, లేస్తే వెలుగు. పొదుగు గంటలన్నీ దాంట్లో చక్కగా రాసి ఉంటాయి. వలస కోసం వేసిన పాత జియోలొకేటర్ల డేటా మీ దగ్గరుంటే మళ్ళీ తెరిచి చూడండి.

లాగర్‌లోని, అంటే రీడింగులు దాచుకునే పరికరంలోని, గడియారం గురించి ఒక మాట. మామూలు క్వార్ట్జ్ క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర సరిగా నడుస్తుంది. అక్కణ్ణుంచి దూరమైన డిగ్రీల వర్గానికి తగ్గట్టు వెనకబడుతుంది. మైనస్ 5 దగ్గర రోజుకు రెండున్నర సెకన్లు, మైనస్ 25 దగ్గర ఏడు సెకన్ల పైన. వేసవి రెండు నెలలకు రెండు మూడు నిమిషాలు, ఫర్వాలేదు. శీతాకాలమంతా బయట వదిలేసిన పరికరానికి ఇది ఇరవై నిమిషాలు కూడా కావచ్చు. తీసిన వెంటనే జీపీఎస్ సమయంతో పోల్చి తేడా రాసుకోవాలి.

ఇంత జాగ్రత్తగా కొలిస్తే బారోలో ఏం కనిపించింది? ఒకే టండ్రా, ఒకే వెలుగు, నాలుగు జాతులు, మూడు రకాల జీవితం. లాప్‌లాండ్ లాంగ్‌స్పర్ అనే చిన్న పాటపిట్ట చక్కగా 24 గంటల లెక్కన బతికింది. అర్ధరాత్రి ప్రాంతంలో కొన్ని గంటలు సద్దుమణిగి, మళ్ళీ మొదలు. పెక్టోరల్ సాండ్‌పైపర్ మగవాటిలో రోజువారీ లయే కనబడలేదు. అదే జాతి ఆడది పొదుగు మీద కూర్చున్నాక 24 గంటల లయకు వచ్చింది. రెడ్ ఫాలరోప్‌లో పొదిగేది మగది, ఇక్కడ లయ పట్టుకున్నదీ అదే. ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఒంటరిగా పొదిగే పిట్ట మేతకు లేచినప్పుడు గుడ్లు చల్లబడతాయి. కాబట్టి గుడ్లు నెమ్మదిగా చల్లబడే, పురుగులు బాగా దొరికే వెచ్చని వేళలో లేవడమే లాభం. ఆడా మగా అన్నదాని కంటే, ఇంటి పని ఎవరి మెడకు చుట్టుకుందన్నదే గడియారాన్ని నడిపిస్తున్నట్టుంది.

నాలుగోది సెమీపాల్మేటెడ్ సాండ్‌పైపర్. మాకు అన్నిటికంటే ఇష్టమైన కథ దీనిదే. తల్లీతండ్రీ వంతులు వేసుకుని పొదుగుతారు. వంతు ఒక్కోటి సుమారు 11 గంటలు. గూట్లో ఉన్న పిట్ట మేతకు పోదు. జత తిరిగొచ్చేదాకా కదలకుండా కూర్చుంటుంది. రెండోది వస్తుంది, ఇది లేస్తుంది, అది గుడ్ల మీద సర్దుకుంటుంది. ఇద్దరి వంతులూ కలిపితే 22 గంటలు. అంటే మార్పిడి వేళ రోజుకు రెండు గంటల చొప్పున ముందుకు జరుగుతుంది. ఇవాళ తండ్రి మధ్యాహ్నం 2కు దిగితే రేపు 12కు, ఎల్లుండి 10కి. 11 రోజుల్లో 12 చక్రాలు తిరిగి మళ్ళీ మొదటి వేళకే వస్తారు. ఈ లోగా వెచ్చని గంటల్లో మేత, చల్లని గంటల్లో మేత ఇద్దరి వంతుకూ సమానంగా వచ్చినట్టే. ఇద్దరి లయా 24 గంటల నుంచి విడిపోయింది, కానీ ఒకరి లయ మరొకరితో విడిపోలేదు. ఇక్కడ సూర్యుడి స్థానంలో సమయ సూచిక జతపిట్టే.

ఇదేదో ఒక జాతి చమత్కారం అనుకోకుండా, మార్టిన్ బుల్లా, చాలా దేశాల సహచరులు కలిసి 32 జాతుల తీరపక్షుల 729 గూళ్ళ డేటా పోగు చేసి 2016లో ప్రచురించారు. అన్నీ తల్లీతండ్రీ ఇద్దరూ పొదిగేవే. పొదుగు చక్రం పొడవు కొన్ని చోట్ల 6 గంటలు, కొన్ని చోట్ల 43 గంటలు! ఆకలి ఓర్చుకోగల పెద్ద పిట్టలు ఎక్కువసేపు కూర్చుంటాయని ఎవరైనా అనుకుంటారు. ఆ లెక్క కుదరలేదు. శత్రువు వచ్చినప్పుడు రంగు కలిసిపోయి కదలకుండా దాక్కునే జాతుల్లో వంతులు పొడుగు, దూరం నుంచే చూసి లేచిపోయే జాతుల్లో వంతులు పొట్టి. గూటి దగ్గర రాకపోకలు తగ్గితే దాక్కునేదానికి అంత మేలు. గడియారాన్ని సాగదీస్తున్నది నక్క భయమని తేలడం ఎంత బాగుందో!

జత లయల్లో ఇంకో తీరు గ్రీన్‌లాండ్ కొండచరియల మీద కనిపిస్తుంది. అక్కడి బ్రూనిక్ గిల్మాట్‌లనే సముద్ర పక్షుల్లో ఆడవి ఒక వేళ, మగవి సరిగ్గా దానికి ఎదురు వేళ గూటి దగ్గరుంటాయి. ఒక్కో పిట్టనూ గుర్తించకుండా గుంపు మొత్తాన్ని లెక్కబెడితే ఎప్పుడు చూసినా దాదాపు అంతే మంది కనిపిస్తారు, “లయ లేదు” అని రాసుకుని వచ్చేస్తాం.

ఇప్పుడు పెక్టోరల్ మగపిట్ట నిద్ర. 2012లో వచ్చిన ఈ ఫలితం చాలామంది విని ఉంటారు. ఆడవాటి కోసం పోటీ పడే ఆ మూడు వారాల్లో ఒక మగదైతే 19 రోజుల పాటు 95 శాతం సమయం మెలకువగా, చురుగ్గా గడిపింది. కదలిక ఉన్నంత మాత్రాన మెదడు నిద్రపోలేదని ఎలా చెప్తాం? అందుకే కొన్ని పిట్టల తలకు చిన్న లాగర్ పెట్టి ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల నమోదు) కూడా తీశారు. తక్కువ నిద్రపోయిన వాటి నిద్ర కాస్త గాఢంగా ఉంది గానీ, పోయిన నిద్రను పూర్తిగా భర్తీ చేసేంత కాదు. తర్వాత పిల్లల డీఎన్‌ఏ చూస్తే, అతి తక్కువ నిద్రపోయిన మగవే ఎక్కువ పిల్లలకు తండ్రులు. పిల్లల పోషణలో మగదాని పాత్ర లేదు కాబట్టి, ఈ వారాలే దానికి ఏడాది మొత్తం. ఇక్కడ లయ పోవడం రోగం కాదు, పోటీలో గెలిపించే ఆయుధం.

డేటా చేతికొచ్చాక లెక్కలో జరిగే తప్పులు మూడు చెప్పి ముందుకు పోతాం. మొదటిది, పిట్టలన్నిటినీ కలిపి సగటు గ్రాఫ్ గీయడం. సెమీపాల్మేటెడ్ జంటలు ఇరవైని సగటు చేస్తే ఒకదాని ఎత్తు ఇంకోదాని పల్లాన్ని పూడ్చి గీత చదునవుతుంది. అసలు ప్రతి పిట్టకూ బ్రహ్మాండమైన లయ ఉంది! అందుకే ముందు ఒక్కో పిట్టకు ఆక్టోగ్రామ్ వేయాలి. ఒక్కో రోజుకు ఒక్కో వరస, కిందికి కిందికి, ప్రతి వరసలో రెండు రోజులు పక్కపక్కన. 24 గంటల లయ నిట్టనిలువుగా దిగుతుంది, 22 గంటలది ఎడమకు వాలుతుంది, 26 గంటలది కుడికి. కంటికి కనిపించేంత స్పష్టంగా ఉంటుంది.

రెండోది, రోజూ ఉదయం పదింటికి వెళ్ళి గూడు చూడటం. మీ అడుగుల చప్పుడుకు పిట్ట లేస్తుంది, డేటాలో పదింటికి ఒక శిఖరం మొలుస్తుంది. వెళ్ళే వేళ రోజుకోలా మార్చాలి, వెళ్ళిన సమయాలు నమోదు చేసి ఆ ముక్క తీసేయాలి.

మూడోది, చాలని రోజులు. డేటాలో ఎన్ని గంటల లయ ఉందో వెతికే లెక్కను పీరియడోగ్రామ్ అంటారు. అది ఎంత సన్నగా తేల్చగలదో మోటు లెక్క ఒకటుంది: 24ను రికార్డు ఉన్న రోజుల సంఖ్యతో భాగించండి, వచ్చినన్ని గంటల కంటే దగ్గరగా ఉన్న రెండు లయల్ని అది విడదీయలేదు. 5 రోజులైతే దాదాపు 5 గంటలు, 10 రోజులైతే 2.4, మొత్తం పొదుగు కాలం 20 రోజులైతే 1.2. ఐదు రోజుల రికార్డుతో “24 గంటల లయే” అంటే, అది 22 కూడా కావచ్చు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ వేసవి చుట్టాలు. ఏడాది పొడవునా అక్కడే ఉండేది స్వాల్బార్డ్ టార్మిగన్, నేల మీద తిరిగే కోడిజాతి పిట్ట. నాలుగు నెలలు అస్తమించని సూర్యుడు, దాదాపు నాలుగు నెలలు ఉదయించని సూర్యుడు. నార్వేలోని ట్రోమ్సో విశ్వవిద్యాలయంలో కార్ల్-ఆర్నె స్టొక్కన్ బృందం 1980ల నుంచి దీన్ని చదువుతోంది. వసంతం, శరత్తుల్లో సూర్యోదయం, సూర్యాస్తమయం ఉన్నన్ని రోజులూ వాటి ప్రకారం మేస్తుంది. నడివేసవిలో, నడిచలిలో మాత్రం రోజంతా చెదురుమదురుగా కాస్త మేత, కాస్త విశ్రాంతి. వేసవిలో రక్తంలో మెలటోనిన్ (మామూలుగా రాత్రిపూట పెరిగే హార్మోన్) కూడా రాత్రీపగలూ తేడా లేకుండా ఉంటుంది. మొక్కలు తినే పిట్టకు మధ్యాహ్నమైనా అర్ధరాత్రైనా ఆకు ఆకే కదా.

అలాగైతే దీని గడియారం నిజంగా పోయినట్టేనా? ఇక్కడ చిక్కు ఉంది. ఈ పిట్ట శరత్తులో ఒంటి బరువులో మూడో వంతు దాకా కొవ్వు పట్టించుకుంటుంది. చీకటి దిగాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. పగటి పొడవు కొలిచి నెల తెలుసుకోవాలి. లాంగ్‌యియర్‌బెన్‌లో ఫిబ్రవరి మధ్యలో సున్నా దగ్గర మొదలైన పగలు ఏప్రిల్ 20కల్లా 24 గంటలకు చేరుతుంది, అంటే రోజుకు సగటున 20 నిమిషాల పైన పెరుగుదల. పగటి పొడవు కొలవాలంటే లోపల ఏదో ఒక కొలబద్ద ఉండాలి.

2021లో డానియెల్ అప్పెన్‌రోత్, డేవిడ్ హేజ్లెరిగ్, అలెగ్జాండర్ వెస్ట్ తదితరులు ఈ చిక్కు విప్పారు. ఆపని వెలుగులో పెట్టగానే పిట్ట నడవడిలో లయ త్వరగా మాయమైంది, అనుకున్నట్టే. కానీ అదే వెలుగులో మెదడులో రుతువుల్ని చదివే భాగాల కణజాలం తీసి చూస్తే గడియారపు జన్యువులు లయబద్ధంగానే ఎక్కిదిగుతున్నాయి. తర్వాతి ప్రయోగం ఇంకా తెలివైనది. పొడుగు పగలు ఇవ్వకుండా, పొట్టి పగలు ఒకటి ఇచ్చి, మిగిలిన చీకట్లో ఒక చిన్న వెలుగు తునక వేశారు. ఆ తునకను చీకట్లో ముందుకూ వెనక్కూ జరుపుతూ పోయారు. పిట్ట మొత్తం వెలుగు గంటల్ని కూడబెట్టుకుని చదువుతుంటే, తునక ఎక్కడ పడినా ఒంట్లో వచ్చే రుతువు మార్పు ఒకటే కావాలి. అలా కాలేదు. ఫలితం తునక పడిన వేళను బట్టి మారింది. అంటే లోపల ఏదో ఒక వేళ వెలుగుకు తలుపు తెరుచుకుంటోంది, ఇంకో వేళ మూసుకుంటోంది. అదే గడియారం. ముల్లులు తీసేసినా లోపలి చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, రోజు చెప్పడానికి కాదు, నెల చెప్పడానికి.

అందుకే “లయ లేదు” అని రాసేటప్పుడు దేంట్లో లేదో కూడా రాయాలి. నడకలోనా, మేతలోనా, ఒంటి వేడిలోనా, రక్తంలోనా, మెదడు కణంలోనా? టార్మిగన్ విషయంలో జవాబు ఒక్కో పొరలో ఒక్కోలా ఉంది.

మన తీరం నుంచి ఈ పని చేయాలనుకునే వాళ్ళకు ఒక మాట. సైబీరియా టండ్రాలో గుడ్లు పెట్టే లిటిల్ స్టింట్‌లు, కర్లూ సాండ్‌పైపర్లు చలికాలం కోరంగి, పులికాట్ బురద నేలల్లో గడుపుతాయి. కర్లూ సాండ్‌పైపర్‌లో ఆడది ఒక్కతే పొదుగుతుంది. లిటిల్ స్టింట్‌లో ఆడది రెండు విడతలు పెట్టి, ఒకటి మగదానికి అప్పజెప్పి, ఇంకోటి తను పొదుగుతుంది. అస్తమించని సూర్యుణ్ణి వదిలొచ్చిన ఈ పిట్టలకు కాకినాడ దగ్గర పగలు చలికాలంలో 11 గంటలు, ఎండాకాలంలో 13. కానీ ఇక్కడ వాటి మేతను శాసించేది పగలూ రాత్రీ ఒక్కటే కాదు, పోటూ పాటూ కూడా. పాటు తీసినప్పుడు బురద బయటపడితే మేత, పోటెక్కితే గట్టు మీద కునుకు, అది అర్ధరాత్రైనా సరే. కాబట్టి పిట్టల లెక్క రాసుకునేటప్పుడు గడియారం వేళతో పాటు పోటు ఎంతసేపటి క్రితం నిండిందో తప్పకుండా రాయండి. ట్యాగ్ వేసే అవకాశమే వస్తే రోజులు లెక్కపెట్టుకుని వేయండి. పోటు చక్రం రోజుకు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, అంటే 24.84 గంటల లయ. సూర్యుడి 24 గంటల నుంచి దాన్ని విడదీయాలంటే పైన చెప్పిన భాగహారం ప్రకారం 29 రోజుల రికార్డు కావాలి.